సీఎస్ఈ తర్వాత గేమ్ డిజైన్: చెన్నై ఆఫరా, అప్పు చేసి డిప్లొమానా?

తాడిపత్రి_కుర్రోడు:

అందరికీ నమస్తే. మాది తాడిపత్రి. అనంతపురంలో బీటెక్ సీఎస్ఈ 2025లో అయిపోయింది. మా నాయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. అమ్మ ఇంట్లోనే మిషన్ కుడుతుంది. చెల్లెలు ఇంటర్ సెకండియర్. ఇంటి సంగతులు ఎందుకంటే, డబ్బు లెక్క తెలియకుండా ఇచ్చే సలహా నాకు పనికిరాదు.

క్యాంపస్‌లో ఒక సర్వీస్ కంపెనీ ఆఫర్ వచ్చింది. జాయినింగ్ వాయిదా పడుతూ పడుతూ, ఇప్పుడు వచ్చే నెల చెన్నైకి రమ్మంటున్నారు. రెండేళ్ళ బాండ్. మధ్యలో మానేస్తే లక్షన్నర కట్టాలి. పని ఏమిస్తారో చెప్పరు. సపోర్ట్ కావచ్చు, టెస్టింగ్ కావచ్చు, నీ అదృష్టం అంటున్నారు సీనియర్లు.

నాకేమో ఇంటర్ నుంచీ ఆటలు తయారు చెయ్యాలని. ఆడటం కూడా ఉందిలెండి. 2022లో బీజీఎంఐని, అదే మన పబ్‌జీని, స్టోర్ల నుంచి తీసేసినప్పుడు హాస్టల్లో సంతాప సభ పెట్టిన బ్యాచ్ మాది. కానీ ఆడేవాళ్ళందరూ చెయ్యలేరని తెలుసు.

ఇప్పటిదాకా రెండు చేశాను. ఒకటి డిజైన్ డాక్యుమెంట్. గండికోట, గుత్తి, పెనుకొండ కోటల మధ్య తిరిగే ఓపెన్ వరల్డ్ గేమ్. కథ, పాత్రలు, ఆయుధాలు, మ్యాపులు అన్నీ కలిపి 60 పేజీలు దాటింది. రెండోది చిన్న 2డీ ఆట, పేరు ‘చిల్లర’. పల్లెవెలుగు బస్సులో నువ్వు కండక్టర్‌వి. తాడిపత్రిలో బయల్దేరి అనంతపురం చేరేలోపు అందరికీ టికెట్ కొట్టాలి, చిల్లర ఇవ్వాలి. సంచిలో చిల్లర అయిపోతే టికెట్ వెనక రాసిచ్చి, దిగేటప్పుడు గుర్తుపెట్టుకుని ఇవ్వాలి. యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో చేశా. ఫ్రెండ్స్ నవ్వుకుంటూ ఆడారు గానీ ఒకట్రెండు ట్రిప్పులకే ఫోన్ తిరిగిచ్చేశారు. అందుకే దాన్ని పక్కన పెట్టి డాక్యుమెంట్ మీద పడ్డా.

హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు గేమ్ డిజైన్ డిప్లొమాకి మూడున్నర లక్షలు అంటున్నారు. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటారు, కాగితం మీద రాసివ్వమంటే ‘అసిస్టెన్స్’ అంటారు. మా నాయన ‘నీకు నమ్మకముంటే చెప్పు, వడ్డీకి తెస్తా’ అన్నాడు. ఆ మాటతోనే నాకు నిద్ర పట్టడం లేదు.

నా డౌట్లు ఇవీ. ఫ్రెషర్లకి డిజైనర్ ఉద్యోగం ఇస్తారా అసలు? సీఎస్ఈ వాడు ప్రోగ్రామర్‌గానే మిగిలిపోతాడా? చెన్నైకి పోవాలా వద్దా? ఇక్కడ ఈ రంగంలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

మిద్దె_మీద_గది:

చెన్నై పో నాయనా. ఇంట్లో చెల్లెలి చదువు ఉంది, నాయన అప్పు చేస్తానంటున్నాడు, ఇంకా ఆలోచనేంది? గేమింగ్ కంపెనీల మీద నమ్మకం పెట్టుకుంటే ఏమవుతుందో 2025 ఆగస్టులో చూశాం కదా. కేంద్రం ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చింది, డబ్బు పెట్టి ఆడే ఆటలన్నీ మూతపడ్డాయి, ఉద్యోగాలు పోయాయి. మా బావమరిది ఒకడు రమ్మీ యాప్‌లో ఉండేవాడు, ఇప్పుడు అనంతపురంలో మిత్రుడితో కలిసి డిజిటల్ మార్కెటింగ్ అంటూ తిరుగుతున్నాడు. ముందు జీతం, తర్వాత సరదాలు.

గుత్తి_కోట:

తమ్ముడూ, మాది గుత్తి. చదివింది నీలాగే సీఎస్ఈ, ఆ జిల్లాలోనే. ఇప్పుడు బెంగళూరులో మొబైల్ గేమ్స్ స్టూడియోలో సిస్టమ్స్ డిజైనర్‌ని. కంపెనీ పేరు అడగొద్దు, మా హెచ్ఆర్ కూడా ఇక్కడే ఎక్కడో తిరుగుతూ ఉంటుందని నా అనుమానం.

పైన అన్న చెప్పిన చట్టం సంగతి ముందు తేల్చేస్తా. అది ఆపింది డబ్బు పందెం ఆటల్ని. మన ఆంధ్రాలో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ 2020 నుంచే నిషేధం. మామూలు ఆటల మీద అది పడలేదు. కాకపోతే ఆ కంపెనీల నుంచి బయటికొచ్చిన అనుభవం ఉన్నవాళ్ళు ఇప్పుడు మామూలు స్టూడియోల తలుపులు తడుతున్నారు. కాబట్టి ఫ్రెషర్‌కి పోటీ పెరిగిన మాట నిజం. ఇది తెలిసే దిగు.

డిప్లొమాకి మాత్రం మీ నాయన చేత అప్పు చేయించొద్దు. అలాంటి కోర్సుల్లో సగం ప్రోగ్రామింగ్, ఇంజిన్ వాడకం. అది నీకు వచ్చు, లేకపోతే చిల్లర ఆట ఎలా చేశావు? మిగతా సగం నీ చేత ఆటలు చేయించడం. దానికి మూడున్నర లక్షలు ఎందుకు? చదువే కావాలనుకుంటే ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వాళ్ళ బెంగళూరు క్యాంపస్‌లో డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎండెస్, అంటే డిజైన్ పీజీ ఉంది, ఇంజనీరింగ్ చేసినవాళ్ళూ రాయొచ్చు. ఎన్ఐడీ డాట్ అని ప్రవేశ పరీక్ష పెడతారు. సీట్లు తక్కువ, ఫీజు తక్కువేం కాదు, కానీ ఆ పేరుకి విలువుంది. కావాలంటే ఏడాది తర్వాత చూసుకో.

ఇక అసలు విషయం. డిజైనర్ అంటే ఐడియాలు చెప్పేవాడు అనుకుంటారు. ఐడియాలు మా ఆఫీసులో టీ తెచ్చే అన్న దగ్గర కూడా ఉంటాయి, నిజానికి ఆయనవి మా వాటికంటే బాగుంటాయి. నా రోజులో ఎక్కువ భాగం గూగుల్ షీట్‌లోనే గడుస్తుంది. ఒక ఉదాహరణ చెప్తా. ఆట గెలిచినప్పుడల్లా ఒక పెట్టె ఇస్తాం, అందులో అరుదైన వస్తువు వచ్చే అవకాశం 10 శాతం. పది పెట్టెలు తెరిస్తే ఒకటి ఎలాగూ వస్తుందిలే అని ఆడేవాళ్ళు అనుకుంటారు. లెక్కేస్తే, పది తెరిచినా ఏమీ రానివాళ్ళు వందకి దాదాపు 35 మంది తేలతారు. వాళ్ళకి ఒళ్ళు మండి యాప్ తీసేస్తారు. అందుకని ఫలానా పెట్టె దాకా రాకపోతే ఆ తర్వాతి దాంట్లో తప్పకుండా వచ్చేలా రూల్ పెడతాం. ఆ ఫలానా పెట్టె ఎన్నోది అన్నదే నా ఉద్యోగం. ముందే వచ్చేస్తే విలువ పోతుంది, ఆలస్యమైతే మనిషి పోతాడు. రెండు గుంపులకి రెండు రకాలుగా వదిలి, మర్నాడు ఎవరు ఎక్కువమంది తిరిగొచ్చారో చూస్తాం. నువ్వు సెకండియర్‌లో పాస్ మార్కుల కోసం చదివిన ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ ఉంది చూడు, దాని పుస్తకం అమ్మేసి ఉంటే మళ్ళీ కొనుక్కో.

ఇప్పుడు నీ రెండు పనులు. ఆ 60 పేజీల డాక్యుమెంట్‌ని ఎవరికీ పంపకు. బాగుండదని కాదు. గుత్తి కోట ఉన్న ఆట అంటే నాకూ ఆశగానే ఉంది. కానీ అది తీయాలంటే పెద్ద టీమ్, ఏళ్ళ పని, కోట్ల డబ్బు కావాలి. చదివేవాడికి అందులో నీ గురించి తెలిసేది ఒకటే, నీకు కథలు ఇష్టమని.

నాకు నీ కండక్టర్ ఆట నచ్చింది. మీవాళ్ళు ఒకట్రెండు ట్రిప్పులకే ఎందుకు వదిలేశారో ఇక్కడ కూర్చునే కొంత ఊహించగలను. నువ్వు రాసినదాన్నిబట్టి అందులో ఆడేవాడు చేసేది తీసివేతలు. టికెట్ 45, ఇచ్చింది 100, తిరిగివ్వాల్సింది 55. తప్పో ఒప్పో, అక్కడితో సరి. ఎంచుకోవడానికి ఏమీ లేదు.

నిజం కండక్టర్‌ని గమనించు. సంచిలో పది రూపాయల నోట్లు నాలుగే ఉన్నాయి. ముందు సీటు పెద్దాయన 500 నోటు తీశాడు. ఆయన చివరిదాకా వస్తాడు, వెనక రాసిస్తే సరిపోతుంది, కానీ ఆయన నోరు మంచిది కాదు. మెట్ల దగ్గరున్న కాలేజీ పిల్లాడు వచ్చే స్టాపులో దిగుతాడు, వాడికి ఇప్పుడే ఇవ్వాలి. సరిగ్గా చిల్లర తెచ్చే రకం మనుషులు వెనక నిల్చుని ఉన్నారు, అక్కడికి పోతే సంచి నిండుతుంది. కానీ తోసుకుంటూ పోయేలోపు స్టాపు వస్తుంది, టికెట్ తీసుకోనివాడు దిగిపోతాడు. ఆపైన చెకింగ్ వాళ్ళు ఎక్కడ ఎక్కుతారో తెలియదు. ఉన్న చిల్లర ఎవరికి ఇప్పుడు, ఎవరికి తర్వాత, బస్సులో ఏ వైపు నడవాలి? ఇవి వచ్చాక నీది ఆట అవుతుంది. అప్పటిదాకా అది లెక్కల పరీక్ష.

ఇంకోటి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి వచ్చింది, పల్లెవెలుగులో ఆడవాళ్ళకి జీరో టికెట్. అది పెట్టావా నీ ఆటలో? పెట్టి చూడు. బస్సు కిక్కిరుస్తుంది, డబ్బిచ్చేవాళ్ళు తగ్గుతారు కాబట్టి చిల్లర రావడమూ తగ్గుతుంది, అయినా టికెట్ మాత్రం ప్రతి ఒక్కరికీ కొట్టాలి, గుర్తింపు కార్డు చూడాలి. ఒక్క రూల్‌తో నీ ఆట మొత్తం కదిలిపోతుంది. పథకానికి ముందు ట్రిప్పులు ఒక దశ, తర్వాతవి ఇంకో దశ. కష్టం పెంచడానికి ఇంతకన్నా మంచి సాకు నీకు దొరకదు.

నీ సీఎస్ఈ ఎక్కడ ఉపయోగపడుతుందో కూడా చెప్తా. పైథాన్‌లో చిన్న సిమ్యులేటర్ రాయి. ఎక్కేవాళ్ళు ఏ నోటు తీస్తారో శాతాలు పెట్టు, ఎవరు ఎన్నో స్టాపులో దిగుతారో పెట్టు. ఇద్దరు మొద్దు కండక్టర్లని తయారుచెయ్యి. ఒకడు చిల్లర ఉన్నంతసేపు అడిగినవాడికల్లా ఇచ్చేస్తాడు. ఇంకొకడు అందరికీ వెనక రాసిచ్చేస్తాడు. ఇద్దరి చేతా పదేసివేల ట్రిప్పులు తిప్పించు. వాళ్ళలో ఎవడో ఒకడు దాదాపు ప్రతిసారీ గెలుస్తుంటే నీ ఆటలో ఆలోచించకుండా గెలిచే దారి ఉందని అర్థం. అంకెలు మార్చు, మళ్ళీ తిప్పు. ఇద్దరూ ఓడిపోయి, బుర్ర పెట్టిన మనిషి గెలిచేదాకా. బొమ్మలు బాగా గీసే డిజైన్ విద్యార్థి ఈ పని చెయ్యడానికి జంకుతాడు. నువ్వు ఒక శని ఆదివారాల్లో చెయ్యగలవు.

తర్వాత మనుషుల చేత ఆడించు. ఫోన్ చేతికిచ్చి పక్కన కూర్చుని ‘అక్కడ నొక్కు రా’ అనకూడదు. నోరు మూసుకుని, ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ మొహం చిట్లించారో రాసుకో. హాస్టల్ ఫ్రెండ్స్ వద్దు, వాళ్ళు నీ కోసం నవ్వుతారు. మీ అమ్మకివ్వు. డిపో దగ్గర ఖాళీగా కూర్చున్న కండక్టర్ అన్నలకి ఇవ్వు, వాళ్ళు నీ ఆటలో తప్పులు ఎంత ప్రేమగా పడతారో చూడు.

ఇదంతా ఒక్క పేజీలో రాయి. మొదట ఎలా ఉండేది, ఏం గమనించావు, ఏం మార్చావు, మార్చాక ఏమైంది. పక్కన సిమ్యులేటర్ గ్రాఫ్ ఒకటి, బ్రౌజర్లో నేరుగా ఆడే లింకు ఒకటి. ఏపీకే, అంటే ఫోన్లో ఎక్కించుకునే యాప్ ఫైలు పంపకు, తెలియనివాడి ఏపీకే ఫోన్లో ఎవడు వేసుకుంటాడు? ఈ పేజీ ఉంటే ‘అసోసియేట్ గేమ్ డిజైనర్’, ‘జూనియర్ లెవెల్ డిజైనర్’ అన్న పోస్టులకి ధైర్యంగా పెట్టొచ్చు. అవి ఫ్రెషర్లకి ఇస్తారు, కాకపోతే అరుదుగా. గేమ్‌ప్లే ప్రోగ్రామర్, గేమ్ అనలిస్ట్ పోస్టులు వాటికంటే ఎక్కువగా ఉంటాయి. నేను ప్రోగ్రామర్‌గా చేరి లోపల్నుంచి మారాను. లోపలికొచ్చాక డిజైనర్ల పక్కన కూర్చుని ‘ఈ అంకె ఎందుకు ఇంత?’ అని అడిగే ప్రోగ్రామర్‌ని ఎవరూ వదులుకోరు.

ఎక్కడ వెతకాలంటే, అనంతపురం వాడికి బెంగళూరే దగ్గర. హైవే మీద నాలుగైదు గంటలు, ఇంటర్వ్యూకి పొద్దున పోయి రాత్రికి ఇంటికి రావచ్చు. జింగా, మూన్‌ఫ్రాగ్, పదాల ఆటలు చేసే ప్లేసింపుల్ అక్కడున్నాయి. హైదరాబాద్‌లో ఈఏ, క్రికెట్ ఆట చేసే హిట్‌వికెట్. పూణేలో యూబీసాఫ్ట్, సూపర్‌గేమింగ్. జీటీఏ ఆటలు చేసే రాక్‌స్టార్ కూడా బెంగళూరులో ఉంది, 1997లో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్‌ని 2019లో కొనుక్కున్నారు. పేరు చూసి అందరూ అక్కడికే పరుగెత్తుతారు. విదేశీ పెద్ద ఆటల పని ఎక్కువగా ఆర్టిస్టులకీ ప్రోగ్రామర్లకీ వస్తుంది, డిజైన్ నిర్ణయాలు చాలావరకు ఆ మాతృ స్టూడియోల్లోనే జరుగుతాయి. డిజైన్ నేర్చుకోవాలంటే మొత్తం ఆట ఇక్కడే తయారయ్యే చిన్న, మధ్యరకం మొబైల్ స్టూడియో మేలు.

చెన్నై సంగతి. నన్నడిగితే చేరిపో. ఇంట్లో జీతం పడుతుంటే రాత్రిపూట చేసే పని ప్రశాంతంగా సాగుతుంది.

పొద్దుటూరు_పిల్ల:

గుత్తి అన్న చెప్పింది దాదాపు అంతా ఒప్పుకుంటా, చివరి మాట తప్ప. మాది పొద్దుటూరు. హైదరాబాద్‌లో గేమ్ టెస్టింగ్‌లో ఉన్నా.

లక్షన్నర బాండ్ అంటే చిన్న విషయం కాదన్నా. చేరిన ఆరు నెలలకి మంచి స్టూడియో పిలిస్తే ఈ అబ్బాయి ఆ డబ్బు ఎక్కడ్నుంచి తెస్తాడు? మళ్ళీ వాళ్ళ నాయన వడ్డీకే పోవాలి. ఇంకా నెల టైముంది కదా. ఈ నెల మొత్తం చిల్లర ఆట మీద కూర్చుని, కనిపించిన ప్రతి గేమ్‌ప్లే ప్రోగ్రామర్ పోస్టుకీ పెట్టి చూడాలి. ఏమీ రాకపోతే అప్పుడు చెన్నై. బాండ్ కాగితం మాత్రం సంతకం చేసేముందు తెలిసినవాళ్ళకి చూపించు, ట్రైనింగ్ అయిపోయాక మానేస్తే ఎంత, ముందే మానేస్తే ఎంత అని వేరువేరుగా రాసి ఉంటుంది ఒక్కోసారి.

క్యూఏ, అంటే టెస్టింగ్ పని గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే చెప్తా. ‘టెస్టర్‌గా చేరు, తర్వాత డిజైన్‌కి మారిపోవచ్చు’ అని యూట్యూబ్‌లో ప్రతివాడూ చెప్తాడు. కొన్నిచోట్ల నిజమే. కానీ చాలా టెస్టింగ్ పని కాంట్రాక్టు మీద, వేరే సంస్థ ద్వారా నడుస్తుంది. డిజైనర్లు వేరే ఊళ్ళో, ఒక్కోసారి వేరే దేశంలో ఉంటారు. నువ్వు వాళ్ళకి ఒక బగ్ టికెట్ నంబరువి, అంతే. ఇంటర్వ్యూలో మొహమాటం లేకుండా అడుగు, మీ దగ్గర క్యూఏ నుంచి డిజైన్‌కి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. ఉంటే గర్వంగా పేరు చెప్తారు. లేకపోతే ‘అవకాశాలు ఉంటాయి’ అంటారు.

పని ఎలా ఉంటుందంటే, ఒకే ట్యుటోరియల్‌ని చవక ఫోన్లో, ఖరీదైన ఫోన్లో, బ్యాటరీ సేవర్ పెట్టి, మధ్యలో కాల్ వచ్చేలా చేసి, నెట్ ఆపి, మళ్ళీ పెట్టి, రోజంతా ఆడాలి. మా వదిన మాత్రం ఊళ్ళో అందరికీ ‘ఆడుకోవడానికి జీతమిస్తారంట’ అని చెప్తుంది. ఒక్క లాభం ఉంది. ఆట ఎన్ని రకాలుగా విరుగుతుందో తెలిసిపోతుంది. తమ్ముడూ, నీ ఆట లింకు ఇక్కడ పెట్టు, నేను చూస్తా.

కర్నూలు_బురుజు:

పగలు స్కూల్లో కంప్యూటర్ సార్‌ని, రాత్రి సొంతంగా చిన్న ఆటలు చేస్తుంటా. సొంత ఆటల మీద నా ఇల్లు గడవదు కాబట్టి ఉద్యోగం సలహా ఇవ్వను. పెట్టే చోటు గురించి మాత్రం చెప్తా.

ప్లే స్టోర్ మీద ఇప్పుడే పడకు. రిజిస్ట్రేషన్ 25 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు, అది పర్లేదు. కొత్తగా తెరిచే వ్యక్తిగత ఖాతాలకి ఇంకో తిరకాసు ఉంది. ఆట విడుదల చేసేముందు 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు టెస్టింగ్‌లో ఉండాలి. 2023లో మొదలుపెట్టినప్పుడు 20 మంది అనేవాళ్ళు, 2024 చివర్లో తగ్గించారు. ఇంట్లోవాళ్ళ చేత జీమెయిల్ ఐడీలు తీయించి చేర్చడం ఒక పెళ్ళి పిలుపుల పని. కంప్యూటర్ ఆటలమ్మే స్టీమ్‌లో అయితే ఆటకి 100 డాలర్లు. ఇచ్ డాట్ ఐఓ అనే సైట్‌లో పైసా లేదు, బ్రౌజర్లోనే ఆడతారు. నీ అవసరానికి అది చాలు.

ఇంజిన్ విషయం. 2023 సెప్టెంబర్‌లో యూనిటీ వాళ్ళు ఇన్‌స్టాల్‌కి ఇంత అని ఫీజు ప్రకటించి, గొడవై, ఏడాదికి రద్దు చేసుకున్నారు. ఆ గొడవలో నేను గోడోట్ అనే ఇంకో ఇంజిన్‌కి మారా. ఉచితం, ఓపెన్ సోర్స్, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. కాకపోతే గోడోట్ 4లో సీ షార్ప్‌తో రాస్తే వెబ్ బిల్డ్, అంటే బ్రౌజర్లో ఆడే రూపం రాదు, దాని సొంత భాష జీడీస్క్రిప్ట్ వాడాలి. నువ్వు ఉద్యోగం కోసం చేస్తున్నావు కాబట్టి యూనిటీ మార్చకు, మొబైల్ స్టూడియోల్లో ఎక్కువగా అడిగేది అదే.

జనవరి చివర్లో గ్లోబల్ గేమ్ జామ్ ఉంటుంది, జట్లుగా కలిసి కొద్ది రోజుల్లోనే ఒక ఆట చేసే కార్యక్రమం. ఎవరితోనైనా కలిసి పాల్గొను. నీకు బొమ్మలు గీసేవాళ్ళు ఎవరూ తెలిసినట్టు లేదు, అక్కడ దొరుకుతారు.

తాడిపత్రి_కుర్రోడు:

అందరికీ థ్యాంక్స్. గుత్తి అన్నా, మీ రిప్లై మా నాయనకి చదివి వినిపించా. షీట్లు, శాతాలు ఆయనకి ఎక్కలేదు గానీ ‘అప్పు చేయించొద్దు’ అన్న చోట మళ్ళీ చదవమన్నాడు. డిప్లొమా వాళ్ళకి రానని చెప్పేశా, ఇప్పుడు రోజూ ఫోన్ చేసి డిస్కౌంట్ అంటున్నారు.

పొద్దుటూరు అక్క చెప్పినట్టు ఈ నెల అప్లై చేస్తూ పోతా, రాకపోతే చెన్నై. బాండ్‌లో ట్రైనింగ్ లోపు మానేస్తే వేరే మొత్తం రాసి ఉంది, నేను చూడనేలేదు.

సిమ్యులేటర్ రాశా. అందరికీ వెనక రాసిచ్చే కండక్టర్ దాదాపు ప్రతి ట్రిప్పూ గెలుస్తున్నాడు! గుర్తుపెట్టుకోవాల్సిన భారం వాడికి లేదు కదా, కంప్యూటర్ కాబట్టి. దీన్ని ఎలా సరిచెయ్యాలి?

గుత్తి_కోట:

భలే ఉంది ఈ సమస్య. మనిషి మర్చిపోతాడు, నీ మొద్దు కండక్టర్ మర్చిపోడు. రెండు దార్లున్నాయి. సిమ్యులేటర్‌లో వాడికీ మతిమరుపు పెట్టు, రాసిచ్చిన ప్రతి టికెట్‌కీ కొంత శాతం మర్చిపోయేలా. ఆ శాతం నీ ఊహ కాకూడదు, మనుషులు ఆడినప్పుడు చూసి పెట్టు. లేదంటే ఆటలోనే రాసివ్వడానికి ఖరీదు పెట్టు. రాసిచ్చిన ప్రతివాడూ దిగేటప్పుడు మెట్ల దగ్గర నిలబడి అడుగుతాడు, బస్సు కదలదు, డ్రైవర్ హారన్ కొడతాడు, టైం పోతుంది. నాకు రెండోదే ఇష్టం, చూసేవాడికి నవ్వు కూడా వస్తుంది. రెండూ చేసి, ఏది ఎందుకు ఉంచావో నీ పేజీలో రాయి. ఇంటర్వ్యూలో అరగంట దీని మీదే మాట్లాడొచ్చు. ఇంగ్లీషు గురించి టెన్షన్ పడకు, గ్రాఫ్ ముందు పెట్టి చూపిస్తూ చెప్తే ముక్కలు ముక్కలుగా చెప్పినా అర్థమవుతుంది.

స్టూడియోలు ఇంటికి టెస్ట్ కూడా ఇస్తాయి. మా ఆటకి మూడు లెవెల్స్ రాయి, మొదటి పది నిమిషాల్లో ఏం బాగాలేదో చెప్పు, ఇలాంటివి. అప్లై చేసేముందు వాళ్ళ ఆట కనీసం వారం ఆడు. ఆడకుండా పొగిడితే ఇట్టే దొరికిపోతారు.

తాడిపత్రి_కుర్రోడు:

రెండోదే పెట్టా అన్నా, హారన్‌తో సహా. జీరో టికెట్ కూడా వచ్చింది. ఇచ్‌లో వెబ్ బిల్డ్ పెట్టా, లింకు నా ప్రొఫైల్‌లో ఉంది. అక్కా, చూసి చెప్పండి.

పొద్దుటూరు_పిల్ల:

చూశా. ఇది ఎలా రాస్తారో కూడా నేర్చుకో, రేపు నీకు వచ్చే బగ్గులు ఇలాగే ఉంటాయి.

బగ్: జీరో టికెట్ ప్రయాణికురాలికి చిల్లర ఇవ్వగలుగుతున్నాం, సంచి మైనస్‌లోకి పోతోంది.
ఎక్కడ: రెడ్‌మీ ఫోన్, క్రోమ్, రెండో దశ, మొదటి ట్రిప్పు.
ఎలా వస్తుంది: ఆవిడ మీద నొక్కి టికెట్ కొట్టాలి. కార్డు చూపించే బొమ్మ పోకముందే పది నోటు మీద రెండుసార్లు గబగబా నొక్కాలి.
రావాల్సింది: నోటు కదలకూడదు.
వస్తున్నది: ఆవిడకి 20 రూపాయలు వెళ్ళాయి, సంచిలో ఉన్నది 10 మాత్రమే. సంచి మైనస్ 10 చూపిస్తోంది, ట్రిప్పు గెలిచినట్టు కూడా చూపిస్తోంది.
ఎన్నిసార్లు: నొక్కిన ప్రతిసారీ.

ఇంకోటి బగ్ కాదు, అభిప్రాయం. చెకింగ్ వాళ్ళు మొదటి ట్రిప్పులోనే ఎక్కుతున్నారు. అప్పటికి నాకు టికెట్ ఎలా కొట్టాలో కూడా పూర్తిగా రాలేదు. రెండో ట్రిప్పుకి జరుపు.

గుత్తి_కోట:

ఆ 500 నోటు పెద్దాయన తిట్లు మాత్రం మార్చకు.

తాడిపత్రి_కుర్రోడు:

అవి మా జేజినాయనవే అన్నా, మార్చినా ఊరుకోడు. అక్కా, మైనస్ సంగతి దొరికింది, బొమ్మ ఆడుతున్నప్పుడు బటన్ ఆపలేదు. రాత్రికి కొత్త బిల్డ్ పెడతా. చెకింగ్ వాళ్ళని రెండో ట్రిప్పుకి కాకుండా మూడోదానికి జరిపి, ముందు మా అమ్మ చేత ఆడిస్తా.